నిండని ఏటి పలక

మా మేనత్త ముప్పై ఒక్కేళ్లుగా ఇత్తడి మీద ఇతరుల సంతోషాలను చెక్కుతోంది. పెళ్లయి పాతికేళ్లు నిండిన దంపతుల రజతోత్సవ పలకలు, యాభై నిండిన పాఠశాలల స్వర్ణోత్సవ ఫలకాలు, అరవై ఏళ్లు ఒకే కప్పు కింద పోట్లాడుకుంటూ కలిసి బతికినవారి వజ్రోత్సవ జ్ఞాపికలు అన్నీ ఆమె చేతి మీదుగానే వెళ్లాయి. ఆమె పనిచేసే దుకాణంలో, కిటికీ పక్క గోడకు, పొగచూరిన పట్టిక ఒకటి వేలాడుతూ ఉంటుంది. ముప్పై ఏళ్లకు ముత్యం, ముప్పై ఐదుకు పగడం, నలభైకి కెంపు, నలభై ఐదుకు నీలం, యాభై ఐదుకు పచ్చ, డెబ్బైకి ప్లాటినం. లోపలికి వచ్చిన ప్రతి జంటా ముందు దాని ఎదుటే నిలబడి తమ రాయి ఏదో వెతుక్కుంటుంది.

"నలభైకి కెంపు ఎందుకో తెలుసా అండీ? అప్పటికి ఇద్దరి కళ్లూ ఎర్రబడిపోయి ఉంటాయి కాబట్టి," అనేవాడు ఇత్తడికి మెరుగు పెట్టే బాబాయి, తిరుగుతున్న చక్రం మీంచి తల ఎత్తకుండానే. ఈ మాట అతను ఎన్ని వందలసార్లు అన్నాడో, మా అత్త అన్నిసార్లూ "నోరు మూసుకుని రుద్దు" అనే అంది.

ఆ దుకాణానికి ఒక నియమం ఉంది. యజమానిని అందరూ లెన్సు తాతయ్య అంటారు. కంటికి బిగించిన భూతద్దం భోజనానికి కూర్చున్నప్పుడు కూడా తీయని మనిషి. నియమం ఆయనదే. ఏడాది పూర్తిగా నిండాలి. నడుస్తున్న ఏడు లెక్కలోకి రాదు. ప్రతి పనికీ ఒక లెక్క చీటీ రాయాలి: మొదలైన తారీఖు, నిండిన ఏళ్లు, ఉత్సవం పేరు. దానికి రెండు ప్రతులు. ఒకటి పలకతోపాటు పెట్టెలోకి వెళుతుంది, రెండోది గోడకున్న తీగకు గుచ్చుతారు. ఇన్నేళ్లలో ఈ పద్ధతి ఎందుకని అడిగిన వాళ్లు లేరు. అందరికీ అది చేతి అలవాటుగా మారిపోయింది, ఆ అలవాటే ఈ కథకు కారణం.

నియమానికి ఒక మినహాయింపు ఉండేది. కొందరు గొంతు తగ్గించి అడుగుతారు. "పాతికేళ్లు వచ్చే ఏడాదికి నిండుతాయండీ. కానీ ఇప్పుడే చేయించుకుంటాం." అలాంటప్పుడు చీటీ మీద "ముందుగా" అని రాసి, పక్కన కారణం రాయాలి. ప్రయాణం, బదిలీ, లేదా ఆరోగ్యం. పలక మీద పేర్లు, ఉత్సవం పేరు చెక్కి, ఏడు నిండే తారీఖు ఉండవలసిన చోట బొటనవేలంత జాగా ఖాళీగా వదులుతారు. ఆ రోజు వచ్చాక కుటుంబం పలక తీసుకొస్తే తారీఖు చెక్కి, తీగకున్న చీటీ మీద "వచ్చారు" అని రాస్తారు. ఎవరూ తీసుకురాకపోతే, ఏడాది చూసి, "రాలేదు" అని రాస్తారు.

"ముందుగా" పనులన్నీ మా అత్తకే వెళ్లేవి. కారణం దుకాణంలో అందరికీ తెలుసు. మా మామయ్యకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చినప్పుడు వాళ్ల పెళ్లికి ఇరవై నాలుగేళ్లు దాటాయి. "రజతానికి పలక ఇప్పుడే చేసుకోవే, ఇద్దరూ పట్టుకుని ఫొటో దిగండి," అన్నాడట లెన్సు తాతయ్య. "ముందుగా చేస్తే ఒప్పుకున్నట్టే కదా తాతయ్యా," అని ఆమె చేయలేదు. మామయ్య పాతికేళ్లకు రెండు నెలల ముందు వెళ్లిపోయాడు. ఆ తరవాత గొంతు తగ్గించి మాట్లాడేవారు ఎవరు వచ్చినా ఆమె తన పని పక్కన పెట్టి లేచి వెళ్లేది. వాళ్లు చెప్పకముందే ఆమె చెయ్యి "ముందుగా. ఆరోగ్యం" అని రాసేసేది.

మా దేశాన్ని ఏలుతున్న ప్రభువు స్వర్ణోత్సవానికి నగర కూడలిలో పెట్టే పలక పని ఈ దుకాణానికే వచ్చింది. ఆయన పట్టాభిషేకపు పాతికేళ్ల పలక, నలభై ఏళ్ల కెంపు పలక కూడా ఇక్కడే తయారయ్యాయి. రెండింటి మీదా అక్షరాలు మా అత్తవే. కొత్త పలకకు ఆమె పదిహేడు రోజులు పనిచేసింది. పదహారో రోజున నేను నా నామఫలకం కోసం అక్కడికి వెళ్లాను. న్యాయవాదిగా నమోదైన మొదటి వారం అది. నా ఫలకం ఎంత పెద్దగా ఉండాలన్న విషయంలో అప్పటికే నాకూ అత్తకూ పేచీ నడుస్తోంది.

"తలుపు కన్నా పెద్ద ఫలకం పెడతావటే? లోపలికి ఎలా వెళతారు జనం?" అంది.

"కనపడాలి కదత్తా."

"ముందు కేసులు కనపడనీ."

ప్రభువు పలక మర్నాడు ఉదయం పెట్టెలోకెక్కి, సంతకాలై, ఉత్సవాల కార్యాలయానికి వెళ్లిపోయింది. మధ్యాహ్నం నేను మళ్లీ వెళ్లేసరికి అత్త తీగ దగ్గర నిలబడి ఉంది. చేతిలో ఒక చీటీ. రెండో ప్రతి. ఆమె ముఖంలో రక్తం లేదు.

"ఇది చదువు," అంది.

పట్టాభిషేకం: నవంబరు పదకొండు. నిండినవి: నలభై తొమ్మిది. పేరు: స్వర్ణోత్సవం. వీటి కింద, ఆమె గుండ్రని అక్షరాల్లో: ముందుగా. ఆరోగ్యం.

పత్రికలన్నీ "యాభయ్యో ఏట అడుగు పెడుతున్న శుభవేళ" అని రాశాయి, ఎవరికీ ఏమీ తోచలేదు. కానీ ఇదే ప్రభువు రజతోత్సవం సరిగ్గా పాతికేళ్లు నిండాక జరిగిందనీ, కెంపు ఉత్సవం నలభై నిండాక జరిగిందనీ తీగకు గుచ్చిన పాత చీటీలకు తెలుసు, వాటిని రాసిన చేతికి తెలుసు. నిండకుండా ఉత్సవం చేసుకునేవాళ్లు ఎందుకు చేసుకుంటారో ఆ చేతికి ఇంకా బాగా తెలుసు. ఎవరినీ అడగకుండా, ఆలోచించకుండా, అది తనకు తెలిసింది రాసింది. ఇప్పుడు మొదటి ప్రతి పలకతోపాటు ఉత్సవాల కార్యాలయంలో ఉంది.

ఏలుతున్న ప్రభువు ఆయువు గురించి, ఆరోగ్యం గురించి నోటితో గాని రాతతో గాని ఊహించినవారికి ఏడేళ్ల కఠిన కారాగారం అని మా శిక్షాస్మృతిలో ఒక నిబంధన ఉంది. కళాశాలలో దాన్ని మేం రెండు నిమిషాల్లో దాటేశాం. ఇలాంటివి కాగితం మీదే ఉంటాయి, ఎవరూ వాడరు అన్నారు మా అధ్యాపకులు. ఆ చీటీ చదివాక ఆ మాట తప్పనిపించింది. వాడని నిబంధనే అన్నిటికన్నా బలమైనది. అది ఎవరి మీద పడుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ భయపడతారు.

"నీకెవరు చెప్పారని అడుగుతారు," అన్నాను.

"ఎవరూ చెప్పలేదు."

"అదే నమ్మరత్తా. ఎవరో ఒకరి పేరు చెప్పేదాకా వదలరు."

మెరుగు బాబాయి చక్రం ఆపాడు. జీవితంలో మొదటిసారి అతనికి ఏ హాస్యమూ తోచలేదు. "అక్కా, పెట్టె తెరిచేటప్పుడు చీటీ కింద పడిపోయుండొచ్చు. గడ్డిలో కలిసిపోయుండొచ్చు," అన్నాడు.

"మేకు కొట్టాను," అంది అత్త. "ఎప్పుడూ కొడతాను కదా. మూత లోపలి వైపు."

తరవాతి రెండు రోజులూ నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఆమె ఇల్లు రెండు గదులు. ముందుగదిలో కుట్టుమిషను, దాని మీద మామయ్య కళ్లజోడు. వీధిలో కారు ఆగిన ప్రతిసారీ ఆమె చేతిలో ఉన్నది కింద పెట్టేది. గిన్నె అయితే గిన్నె, సూది అయితే సూది. చేతులు ఖాళీగా పెట్టుకుని తలుపు వైపు చూసేది. కారు వెళ్లిపోయాక మళ్లీ తీసుకునేది. నేను నిబంధనను పదిసార్లు చదివి, అందులో బయటపడే దారి వెతికాను. "ఉద్దేశపూర్వకంగా" అన్న మాట లేదు. ఉద్దేశం లేకపోయినా నేరమే. నాకు కోపం వచ్చింది.

"వాళ్లకు ఈ హక్కు లేదు. ఒక లెక్క వేసినందుకు మనిషిని ఎలా జైల్లో పెడతారు? ఉన్నత న్యాయస్థానానికి వెళదాం. నేనే వాదిస్తాను."

"నీ ఫలకమే ఇంకా కాలేదు," అంది అత్త. "చూడు, నన్ను తీసుకెళితే ఆ తీగకున్న చీటీలన్నీ కాల్చేయండి. ఎందరివో ఉన్నాయి. వాళ్లందరినీ పిలిచి అడుగుతారు," అంది.

తాను ఏం పోగొట్టుకుంటుందో ఆ ఒక్క మాటలో తెలిసింది. ఏడేళ్లు ఆమెకు కొండంత భయం. కానీ తన చేతిరాత పట్టుకుని ఊరంతా తిరిగి ముసలి దంపతుల తలుపులు తడతారేమోనన్న భయం అంతకన్నా పెద్దది.

మూడో రోజు పదకొండు గంటలకు ఆయన వచ్చాడు. ఉత్సవాల అధికారి. ఎండలో కూడా నల్ల గొడుగు వేసుకుని, వెనక పలక పెట్టె మోస్తున్న ఇద్దరు మనుషులతో. వాళ్లిద్దరినీ బయటే నిలబెట్టి లోపలికొచ్చి తలుపు వేశాడు. లెన్సు తాతయ్య లేచి నిలబడ్డాడు. ఆయన కంటి నుంచి భూతద్దం జారి బల్ల మీద పడింది. అది లేకుండా ఆయన ముఖాన్ని నేను చూడటం అదే మొదటిసారి.

అధికారి చీటీని బల్ల మీద పెట్టి వేలితో నొక్కి పట్టాడు.

"ఇది ఎవరి రాత?"

"నాదేనండీ," అంది అత్త.

"మీకెవరు చెప్పారు?"

నేను ముందుకొచ్చాను. "సమాధానం చెప్పాల్సిన అవసరం..." అంటూ ఉండగానే అత్త నా మోచెయ్యి పట్టుకుంది.

"ఎవరూ చెప్పలేదయ్యా. లెక్క వేశాను. పాతికకు నిండింది, నలభైకి నిండింది, ఇప్పుడు నిండలేదు. నిండకుండా చేయించుకునేవాళ్లు ఎందుకు చేయించుకుంటారో..." ఆగిపోయింది. ఆ వాక్యం పూర్తి చేయడం కూడా నేరమేనని ఆమెకు తోచి ఉంటుంది. వెనక్కి తిరిగి తీగ దగ్గరకు వెళ్లి, "ముందుగా" చీటీల కట్ట తీసి ఆయన ముందు పెట్టింది. చీటీలు కాల్చేయమన్న మనిషే తన చేత్తో వాటిని ఇచ్చింది. అది తప్పని నేను అరవబోయాను. కానీ ఆమెకు వేరే సాక్ష్యం లేదు.

ఆయన ఒక్కొక్కటే తిప్పాడు. ముందుగా, ఆరోగ్యం, వచ్చారు. ముందుగా, ఆరోగ్యం, రాలేదు. రాలేదు. రాలేదు. ముందుగా, బదిలీ, వచ్చారు. రాలేదు. మెరుగు బాబాయి ఊపిరి నాకు వినపడుతోంది. కట్ట సగానికి వచ్చాక అధికారి చెయ్యి ఆగింది.

"ఆరోగ్యం అని రాసినవాళ్లలో," అన్నాడు, గొంతు తగ్గించి, "తారీఖు చెక్కించుకోడానికి ఎంతమంది వచ్చారు?"

ఆ గొంతు మా అత్తకు తెలుసు. మామయ్య పోయినప్పటి నుంచీ ఆమె ఆ గొంతుకే పని మానుకుని లేచి వెళుతోంది. ఆయన ఎవరి తరఫున అడుగుతున్నాడో, వినాలని అడుగుతున్నాడో పట్టుకోవాలని అడుగుతున్నాడో మాకు తెలియదు. సంఖ్య చెపితే ప్రభువు ఆయువును ఊహించినట్టే. చెప్పకపోతే దాచినట్టు.

"నేనెప్పుడూ లెక్కపెట్టలేదయ్యా," అంది అత్త. నిజమే చెప్పింది. "కానీ అందరికీ జాగా వదులుతాను."

"జాగానా? ఏ జాగా?"

అప్పుడే మాకందరికీ ఒకేసారి తట్టింది. చీటీ ఒక్కటే కాదు. బయట పెట్టెలో ఉన్న పలక మీద, స్వర్ణోత్సవం అన్న పేరు కింద, బొటనవేలంత ఖాళీ ఉంది. ఆ ఖాళీకి అర్థం ఏమిటో ఈ ఊళ్లో వందల కుటుంబాలకు తెలుసు. వాళ్ల ఇళ్లల్లో గోడలకు అలాంటి ఖాళీలే ఉన్నాయి. నగర కూడలిలో నిలబెడితే, చదువు రానివాళ్లకు కూడా అది అర్థమవుతుంది.

పెట్టె లోపలికి తెప్పించారు. అధికారి పలకను చూశాడు, ఖాళీని చూశాడు, గొడుగు పిడిని గట్టిగా పట్టుకున్నాడు. ఆయనకూ భయమే. ఆ పలకను చూసి, సరే అని సంతకం పెట్టి తీసుకున్నది ఆయన చెయ్యే.

"దీన్ని నింపండి. తీగో పువ్వో ఏదో ఒకటి. ఇప్పుడే. నేను ఇక్కడే కూర్చుంటాను."

అత్త బల్ల ముందు కూర్చుంది. ఉలి పట్టుకుంది. ఖాళీలో ఒక సన్నని తీగను, ఐదు ఆకులతో, చెక్కింది. గంటన్నర పట్టింది. నేను పక్కనే నిలబడి చూశాను. మిగతా అక్షరాలు గోరు దిగేంత లోతుగా ఉన్నాయి. ఈ తీగ మాత్రం వేలితో తడిమితే తెలియనంత పైపైన ఉంది. లెన్సు తాతయ్య మళ్లీ భూతద్దం బిగించి చూసి, పక్కకు తప్పుకున్నాడు.

అధికారి చీటీని మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు. చింపలేదు. "మళ్లీ కబురు చేస్తాను," అన్నాడు. ఆ కబురు ఏమిటో చెప్పలేదు.

ఆయన వెళ్లాక నేను అడిగాను. "అంత పైపైన ఎందుకు చెక్కావు?"

"తారీఖు చెక్కాల్సొస్తే అరగదీయొచ్చని," అంది. "నిండితే నింపాలి కదే."

ఉత్సవం జరిగింది. ప్రభువు పదిమెట్ల ఎత్తున్న వేదిక మీద కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి ఊపాడు. పలకను కూడలిలో, గడియారపు స్తంభం కింద బిగించారు. అసలు భయం ఆ తరవాతే మొదలైంది. ప్రతి సోమవారం ఉదయం నగరపాలక సంస్థ మనిషి ఒకామె మెరుగు పొడితో, మోటు గుడ్డతో ఆ పలకను రుద్దేది. మంచి పనిమనిషి, బలంగా రుద్దేది. నెల తిరిగేసరికి తీగ కొసలు మసకబారాయి. మూడో నెలకు ఒక ఆకు పోయింది.

అత్త ప్రతి సోమవారం సాయంత్రం పని నుంచి కూడలి మీదుగా ఇంటికి వచ్చేది. ఆగేది కాదు, నడుస్తూనే చూసేది. ఇంటికొచ్చి "నాలుగు" అనేది. కొన్ని వారాలకు "మూడు" అంది. నాకు విషయం చెప్పనక్కర్లేదు. ఆ ఖాళీ మళ్లీ బయటపడే రోజు ముందొస్తుందా, ఏడు నిండే రోజు ముందొస్తుందా అని ఇద్దరం లెక్కలు కట్టేవాళ్లం. ఒక మనిషి ఆయువును ఊహించడం ఎలా నేరమవుతుందని ఊగిపోయిన నేను, ఆ ఏడాదంతా చేసింది అదే. ఇంకొన్నాళ్లు బతకమని మనసులోనే ఆయన్ని బతిమాలాను. దేశం కోసం కాదు, మా అత్త కోసం.

"ఆమెకు చెప్పి కాస్త నెమ్మదిగా రుద్దమంటే?" అన్నాడు మెరుగు బాబాయి ఒకరోజు.

"ఎందుకని అడిగితే ఏం చెపుతావు?"

"నా వృత్తికి పోటీ అని చెపుతా."

ఆ ఏడాదిలో అత్త నవ్వడం నేను చూసింది ఆ ఒక్కసారే.

సెప్టెంబరు చివరి వారంలో, ఇంకా ఏడు వారాలు ఉందనగా, తీగ మీద ఒక ఆకు మిగిలి ఉండగా, ఉదయం తొమ్మిదింటికి అన్ని కార్యాలయాల మీదా జెండాలు సగానికి దిగాయి. నేను న్యాయస్థానం నుంచి దుకాణానికి పరుగెత్తాను. నాకు ఒక్కటే తోచింది. నిబంధనలో "ఏలుతున్న ప్రభువు" అని ఉంది. ఆయన ఇప్పుడు ఏలడం లేదు. ఆ చీటీ ఆ ఉదయం తొమ్మిదింటి నుంచి వట్టి కాగితం.

"అయిపోయిందత్తా. ఇక నిన్నెవరూ ఏమీ చేయలేరు," అన్నాను.

అత్త బల్ల ముందు చేతులు ఖాళీగా పెట్టుకుని కూర్చుని ఉంది. "రెండు నెలలైనా లేదు," అంది. అది ప్రభువు గురించో, మామయ్య గురించో నేనడగలేదు.

మర్నాడు ఉదయం దుకాణం తెరిచేసరికి తలుపు సందులోంచి తోసిన కవరు ఒకటి నేల మీద ఉంది. పంపినవారి పేరు లేదు. లోపల మడతలు అరిగిపోయిన లెక్క చీటీ. మొదటి ప్రతి. మేకు రంధ్రంతో సహా. ఒక్క మాట కూడా దానితో రాలేదు.

"కాల్చేయ్," అన్నాను. "ఇది వల కూడా కావచ్చు. కొత్త ప్రభువు మనుషులు వచ్చి వెతికితే మన దగ్గరే దొరుకుతుంది. చట్టం సంగతి నేను చెప్పింది నిజమే, కానీ వాళ్లు చట్టం చదివి వస్తారా?"

"పాపం, ఆ గొడుగాయన దాచి ఉంచాడు," అంది అత్త, నా మాట విననట్టు. మళ్లీ వెంటనే, "వలే కావచ్చు," అంది. ఆమెకు రెండూ ఒకేసారి నిజమే అనిపించాయి. నాకూ అంతే.

లేచి తలుపు గడియ వేసింది. కిటికీ తెర లాగింది. మెరుగు బాబాయి చక్రం ఆపితే, "ఆపకు, తిప్పుతూ ఉండు," అంది. ఆ హోరులో కూర్చుని, ఎడమ చేత్తో చీటీని నొక్కి పట్టుకుని, తన గుండ్రని అక్షరాల కింద కుడిచేత్తో ఒకే మాట రాసింది. రాలేదు. రెండో ప్రతి మీద కూడా అదే రాసింది. రెండింటినీ కలిపి తీగకు, అందరి చీటీల మధ్య గుచ్చింది.

బయట కారు ఆగిన చప్పుడైంది. ఆమె కలం కింద పెట్టి, చేతులు బల్ల మీద ఖాళీగా ఉంచి, తలుపు వైపు తిరిగింది.